పేర్ల పేజీ

“అదుగో, మళ్లీ ‘ఫైలు దొరకలేదు’ అంటోంది!” అన్నారు మామగారు, కంప్యూటరు తెర మీది ఎర్ర అక్షరాలు చూపిస్తూ.

పెద్దకోడలు చేతికర్రను బల్లకు ఆనించి నింపాదిగా కూర్చుంది. ఆరు నెలల క్రితం వరకూ ఆ కుర్చీ తనదే. కాలు విరిగి మంచాన పడిన వారానికే మామగారు దాన్ని చిన్నకోడలికి ఇచ్చేశారు. ఆరేళ్లు కళ్లు పాడుచేసుకుని తను కూర్చిన యంత్రభాగాల నిఘంటువులో, అది చేసినవాళ్ల పేర్ల పేజీలోంచి తన పేరు కూడా తీయించేశారు. “ఇంట్లో కూర్చున్నవాళ్ల పేరెందుకు?” అన్నారట. పక్కనే ఉన్న తోడికోడలు నోరు మెదపలేదట. ఆ కోపం ఇంకా రగులుతూనే ఉంది.

ఇప్పుడు కింద అచ్చుయంత్రం ఖాళీగా నిలబడింది. సాయంత్రానికి ఆ నిఘంటువు అచ్చుకెక్కకపోతే ఆర్డరు గల్లంతే.

“బయటి ఇంజనీర్ని పిలుద్దామన్నాను. చిన్నదే వినలేదమ్మా. అక్క తప్ప ఎవరూ చేయలేరని రెండు రోజులుగా ఒకటే పోరు,” అన్నారు మామగారు.

‘చేతకానితనానికి మంచి ముసుగు’ అనుకుంది పెద్దకోడలు.

“పేర్ల పేజీ కూడా ఒకసారి చూసుకో అక్కా,” అంది బల్ల పక్కన నిలబడ్డ చిన్నకోడలు.

పుండు మీద కారం చల్లినట్టయింది. పెద్దకోడలు మామగారి వైపు తిరిగింది.

“చేస్తాను మామయ్యగారూ. కానీ ఆ పేజీలో నేనేం రాస్తే అదే అచ్చవ్వాలి.”

“నీ ఇష్టం తల్లీ! ముందు బండి కదిలించు.”

చిన్నకోడలు నవ్వు దాచుకుంటూ టీ తెస్తానని వెళ్లిపోయింది. ఆ నవ్వుకి పెద్దకోడలి ఒళ్లు మండింది.

పుస్తకమంతా ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటరు రాతలో ఉంది. తల్లి ఫైలు ఒకటి, అందులోకి వచ్చి చేరాల్సిన పిల్ల ఫైళ్లు నలభై. పార్సర్ అనే ప్రోగ్రాం చిరునామా చూసి ఒక్కొక్కదాన్నీ పిలుస్తుంది. ఒక్కటి పలకకపోయినా అలిగి కూర్చుంటుంది. ఆమె వరసగా చూసుకుంటూ పోయింది. అక్షరాల తేడా లేదు. అనుమతుల తంటా లేదు. ముప్పై తొమ్మిది పలికాయి. పలకనిది పేర్ల ఫైలు ఒక్కటే. దాని చిరునామాలో అసలు లేని ఫోల్డరు పేరుంది.

“ఇంత చిన్న తప్పు పట్టలేని మనిషికా నా కుర్చీ!” అని పళ్లు నూరింది.

చిరునామా దిద్దింది. పేర్ల ఫైలు తెరిచి తన పేరు పైన పెట్టింది. కింద ఉన్న చిన్నకోడలి పేరును కసితీరా చెరిపేసింది. ఆరు నెలల చాకిరీకి ఆనవాలు లేకుండా పోవడమంటే ఏమిటో దానికీ తెలియాలి. అచ్చుకు పంపింది. కింద యంత్రం గడగడా కదిలింది. కడుపు చల్లబడింది.

అయినా కసి ఇంకొంచెం మిగిలింది.

“ఈ తప్పు ఎవరి నిర్వాకమో కూడా చూద్దురుగాని, రండి మామయ్యగారూ.”

ఫైలు ముట్టుకున్నవాళ్లు ఎందుకు ముట్టుకున్నారో రాయాలన్నది ఆ ఆఫీసులో నియమం. ఆ నియమం పెట్టిందీ, చిన్నకోడలికి నేర్పిందీ తనే. ఆ మార్పుల చిట్టా తెరిచింది. మొన్నటి తేదీ, చిన్నకోడలి పేరు, పక్కనే కారణం. టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చిన మనిషికి వినబడేలా గట్టిగా చదివింది.

“అక్క పేరు చేరేదాకా ఇది అచ్చు కాకూడదు.”