సింహాద్రి ఒప్పుకున్నాడు

"నీ కమాండర్ జీపే గొప్పది, బావా," అన్నాడు సింహాద్రి, కాశీబుగ్గ జీపు స్టాండులో టీ తాగుతూ.

యువరాజుకి ఒళ్లు మండింది. ఉద్దానం ఇసుకదారుల్లో తన పాత విల్లీసుని మించిన జీపు లేదని పదేళ్లుగా వాదిస్తున్న మనిషి సింహాద్రి. ఆ వాదన లేనిదే డ్రైవర్లిద్దరికీ పొద్దు గడవదు.

"ఏటి, ఎగతాళా? మొన్న వజ్రపుకొత్తూరు దిబ్బ నీ బండే కదా ముందెక్కింది," అని రెచ్చగొట్టాడు యువరాజు.

"ఎక్కితే ఎక్కింది. నీదే గొప్పది."

"వాదించవేటి? అమ్మేత్తన్నావా?"

"నిన్ననే అమ్మేసినాను."

యువరాజు గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "పదేళ్లు నాతో దెబ్బలాడి, నాకొక్క మాట సెప్పకుండా అమ్మేసినావా?"

సింహాద్రి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు దగ్గర కొత్త కుట్లు ఉన్నాయి.

"కిడ్నీలు పోయినాయి బావా. డయాలసిస్ సూదులకని ఇక్కడ నరం కోసి కుట్టినారు. వారానికి రెండుసార్లు వైజాగెల్లి సేయించుకోవాల. తిరిగొచ్చినప్పుడు కూకోలేను. విల్లీసులో పడుకోడానికి సోటు లేదు. నీ కమాండర్లో ఉంది."

యువరాజు లేచి వెళ్లి, తన జీపు వెనక సీట్ల మీది కొబ్బరికాయల బస్తాలు ఒక్కొక్కటే దింపసాగాడు.