మూడో తలుపు

ఫ్రెంచి దొర యానాం వదిలి పోతూ అమ్మేసిన పాత కారది. తలుపుల రేకు మోగకుండా లోపలివైపు తారు పూసి గోనెపట్టా అతికించమన్నాడు కొత్త యజమాని. మెకానిక్ చిట్టబ్బాయి లాంతరు పెట్టుకుని ఇంటి ముందు పాకలో పనికి దిగాడు. గదిలో భార్య మంగాయమ్మ దగ్గుతూనే ఉంది.

"ఈ తారు కంపు పడట్లేదు మావా."

"నాలుగు తలుపులేగా. తొంగో."

మొదటి తలుపుకి పట్టా అతికించి, వేళ్ళతో కొట్టి చూశాడు. రేకు మోగలేదు. పెరట్లో కప్పల అరుపు ఆగింది. రెండో తలుపు కొట్టి చూశాడు. గోదావరి కెరటాల చప్పుడు ఆగింది. గాలి మారిందనుకున్నాడు.

మూడో తలుపు కొట్టగానే దగ్గు ఆగింది.

నిద్రపట్టిందేమోనని గదిలోకి తొంగిచూశాడు. మంగాయమ్మ మంచం మీద కూర్చుని, గుండెలు పట్టుకుని దగ్గుతోంది. చప్పుడు లేదు. అతన్ని చూసి ఏదో అంది. పెదాలు కదిలాయంతే.

చిట్టబ్బాయి పరుగున వచ్చి మూడో తలుపు పట్టా పీకేశాడు. చేతులు కాలుతున్నా తారంతా గీకి, రేకు మీద కొట్టాడు. ఖంగుమంది. వెంటనే రేకులోంచి దగ్గు వినిపించింది.

"ఈ తారు కంపు పడట్లేదు మావా."

వెనక్కి తిరిగి గుమ్మంలోంచి చూశాడు. మంగాయమ్మ మంచం మీద వెల్లకిలా పడి ఉంది. నోరు మూసే ఉంది.