బూషైబూ, రొట్టె!

పాపకు ఊహ తెలియకముందే నేను పోతే నా గొంతు దానికి గుర్తుండదేమోనని నాకు అన్నిటికంటే భయం.

శుక్రవారం కుస్కుస్ తిన్నాక మామయ్య, ఆయన స్నేహితుడు బూషైబ్ బాబాయి ఫోనులో పాట పెట్టారు. వాళ్ల కుర్రతనంలో మా కాసాబ్లాంకా ఊరంతా వెర్రెత్తి విన్న రాక్ బ్యాండు పాట. నలభై ఏళ్లకు ఆ ఆల్బం బరబరలు తీసేసి మళ్లీ శుభ్రంగా విడుదలైంది.

గిటారు ఆగగానే ఇద్దరూ ఒక్కసారిగా అరిచారు: "బూషైబూ, పోరా, రొట్టె మాడిపోతోంది!"

నా ఒళ్లో పాప ఉలిక్కిపడింది.

"పాటలో రొట్టెక్కడుంది మామయ్యా?"

"మా క్యాసెట్టులో ఉందమ్మా! రేడియో ముందు పెట్టి రికార్డు చేస్తుంటే, వీధిలో అందరూ రొట్టెలు కాల్పించుకునే పొయ్యి దగ్గర్నుంచి రొట్టె తెమ్మని వీడి తల్లి కేకేసింది."

బాబాయి పాట వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. "ఇందులో అమ్మ లేదురా."

"అయితే ఈ పాటెందుకు మనకి!" అంటూ మామయ్య పాత క్యాసెట్టు పెట్టారు. బరబరల మధ్య ఆవిడ కేక వినబడింది.

"వస్తున్నానమ్మా," అన్నారు అరవై ఏళ్ల బాబాయి.

అప్పట్నుంచి నేను పాపను గొంతెత్తి పిలుస్తున్నాను.

క్యాసెట్టు పట్టుకెళ్లిన బాబాయి మూడు రోజులుగా రాలేదు. ఒంటరి మనిషి. మామయ్య మోకాళ్లు మెట్లెక్కలేవు, నేను పాపనొదిలి కదల్లేను. మీరు చేపల మార్కెట్టు వైపు వెళితే, అక్కడే మేడ మీద ఉండే ఆయన్ని ఒకసారి చూసి రండి. తలుపు తీయకపోతే, రొట్టె మాడిపోతోందని అరవండి.