కాటాలో తేడా

"మీ కాటాలో తేడా ఉందండీ," అంది నాంచారమ్మ. ఏడో నెల గర్భిణి అయిన ఆమె కోడలు నవ్యశ్రీ పోయిన నెలా నలభై రెండు కిలోలే తూగింది, ఈ నెలా అంతే.

అంగన్‌వాడీ టీచర్ మెహజబీన్ వాదించలేదు. బయట ఆటోలో కూర్చున్న నాంచారమ్మ కొడుకు గిరీష్‌ని పిలిచి కాటా ఎక్కించింది. డెబ్బై ఆరు చూపించింది.

"చూశారా! మూణ్ణెల్ల కిందట వీడు డెబ్బయ్యే!" అంది నాంచారమ్మ.

"నవ్యశ్రీ కోసం ఇంటికిచ్చిన గుడ్లు ఎవరు తింటున్నారు?" అంది మెహజబీన్.

"నా కంచంలో రోజూ ఓ గుడ్డు ఉంటోందండీ," అన్నాడు గిరీష్. "అమ్మ కొంటోందనుకున్నాను."

నాంచారమ్మ తొణకలేదు. "వీడు పుట్టినప్పుడు కిలోన్నరేనండీ. అప్పట్నుంచీ ఆ లోటు పూడుస్తున్నాను."

"గిరీష్ కడుపులో ఉన్నప్పుడు మీరేం తినేవారు?"

"గంజన్నం. గుడ్లుంటే మా అత్తగారు మా ఆయనకి పెట్టేవారు."

చెప్పడం అయ్యాక నాంచారమ్మ కోడలి పొట్ట వంక చూసింది.

తర్వాత బల్ల మీదున్న ఉడికించిన గుడ్డు తీసుకుని, పెంకు ఒలిచి, నవ్యశ్రీ చేతిలో పెట్టింది.

"మరి ఆయనకో?" అంది నవ్యశ్రీ, అలవాటుగా.

"వాడు పుట్టేశాడుగా."