విండిక్టివ్‌కి ఒక ఉదాహరణ

అందరి ముందు తన తప్పు దిద్దిందన్న ఉక్రోషంతో నిఘంటువు సంపాదకుడు తన సహాయకురాలి సెలవు చీటీ చింపేశాడు. చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయింది.

ఆ వారమే ఆమె వంతుకి "విండిక్టివ్" అనే ఇంగ్లీషు మాట వచ్చింది.

అర్థం రాసింది: పగబట్టి కక్ష తీర్చుకునే. పుట్టుక రాసింది: లాటిన్‌లో "విండిక్టా" అంటే పగ, బానిసని విడిపించేటప్పుడు తాకించే కర్రకీ అదే పేరు.

ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి కడుపుమంట ఆగలేదు. "తప్పు దిద్దిందని ఆ సంపాదకుడు ఆమెకి సెలవివ్వలేదు" అని రాసేసింది.

సంపాదకుడు చదివి పొంగిపోయాడు. "భలే పట్టావమ్మా! అచ్చం మా పాత సంపాదకుడే. ఆయన పేరు కూడా వేసెయ్."

ఆమె బిత్తరపోయింది. "ఆయన పోయారు కదండీ?"

"పోతే ఏం? వాళ్లావిడ ఉందిగా, చదువుకుంటుంది."