చెక్కుచెదరని ఇంజను

"వదినా, గ్యారేజీలో నీ కారు ఇంజను బయటికి తీసేస్తున్నారు. నీకు తెలిసే జరుగుతోందా?"

ఫోనులో ఆడపడుచు అడిగింది. మెడకి పట్టీ వేసుకుని మంచాన పడి ఉన్న మనిషికి ఎవరు చెబుతారు?

భర్త పాలగ్లాసుతో లోపలికి వచ్చాడు.

"నా బండిని గ్యారేజీకి తోలించారా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "అది తుక్కేగా ఇక. బాగుచేయడం దండగని ఇన్సూరెన్సు వాళ్లే తేల్చేశారు."

"తుక్కయినా నాది. నా జీతంతో కొనుక్కున్నది. మాట వరసకైనా అడగాలనిపించలేదా?"

"అడుగుదామనే అనుకున్నా. నీకేమో ఒంట్లో బాగోలేదు…"

"నేను మెడ తిప్పలేక ఏడుస్తుంటే మీ కళ్లు నా ఇంజను మీద పడ్డాయన్నమాట!"

ఆయన పాలగ్లాసు అందించబోయాడు. ఆమె గోడవైపు తిరుగుదామనుకుంది. అలగడానికి కూడా మెడ సహకరించలేదు.

ఆయన వెర్రి ఆమెకి కొత్త కాదు. మామగారు నడిపిన పాతకాలం కారు ఒకటి షెడ్డులో ఉంది. ఇంజను బిగుసుకుపోయి ఏళ్లయింది. దానికి ఈకాలపు ఇంజను పెట్టి రోడ్డెక్కించాలని ఆయన పట్టుదల. పాత కారు వెనక ఇరుసు రాయిలా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇంజను, గేరుబాక్సు, వైర్లు, ఇంజనుని నడిపే కంప్యూటరు, ఆఖరికి తాళంచెవితో సహా అన్నీ ఒకే బండివి కావాలి. ముక్కలు ముక్కలుగా తెచ్చి అతికిస్తే కంప్యూటరు మొండికేస్తుందట.

అలాంటి బండి కోసం మొగుడూ పెళ్లాలిద్దరూ ఆదివారాలు కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగారు. ఊళ్లోని తుక్కు యార్డుల్లో కుక్కలు కూడా ఆమెని చూసి మొరగడం మానేశాయి. ఒక బండికి ముందు దెబ్బ తగిలి ఇంజను చితికింది. ఇంకోటి వరదలో మునిగి వైర్లు కుళ్లాయి. మరోదానికి అన్నీ బాగున్నాయని సంబరపడేలోగా గేరుబాక్సుని ఎవడో ముందే ఎత్తుకుపోయాడని తేలింది. ఆయన మొహం చిన్నబోతే ఆమెకే జాలేసేది.

అలాంటి ఆమెని ఒక్కమాట అడగలేదు. కడుపు మండింది అందుకే.

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. బండిని షాపు వెనక సందులో పెట్టి, సాయంత్రం దాకా మళ్లీ దాని మొహం చూడదు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం తలనొప్పి భరించలేక వెళ్లి, బండిలో సీటు వాల్చుకుని కళ్లు మూసుకుంది. వెనక నుంచి పిడుగు పడ్డట్టయింది. జనం వచ్చేసరికి గుద్దినవాడు ఉడాయించాడు. డిక్కీ వెనక సీటులోకి చొచ్చుకొచ్చింది. ముందు భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆసుపత్రిలో ఆమెకంటే ఆయనే ఎక్కువ ఏడ్చాడు. ఇంటికి తెచ్చాక అన్నం తినిపించాడు, తల దువ్వాడు. మెడపట్టీ వంక చూడాల్సి వస్తే మొహం తిప్పేసుకునేవాడు. ఇంత ప్రాణం పెట్టుకున్న మనిషి ఇంత పని ఎలా చేశాడా అని ఆమెకి అర్థం కాలేదు.

కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన వంట మాడ్చినా తిట్టలేదు. తిట్టనందుకు ఆయన బెంగపెట్టుకున్నాడు. చివరికి ఆమె మనసే మెత్తబడింది. పోయిన బండి ఎలాగూ రాదు. ఆ ఇంజనేదో పరాయివాడి బండిలో తిరిగేకంటే మామగారి కారులో తిరగడమే నయం కదా అనుకుంది.

"మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నేనూ వస్తాను" అంది.

ఆయన వద్దన్నాడు. గ్యారేజీలో దుమ్మన్నాడు, మెట్లు ఎగుడుదిగుడన్నాడు. ఆమె వింటేనా! మెడకి శాలువా చుట్టుకుని ముందే ఆటో ఎక్కి కూర్చుంది.

గ్యారేజీలో పాత కారు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఆమె బండి డొల్ల ఒక మూల పడి ఉంది. అటు చూడకుండా జాగ్రత్తపడింది. ఆయన స్టీరింగు ముందు కూర్చుని తాళంచెవి తిప్పాడు.

ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

అది తన బండి గొంతే. రోజూ పొద్దున్నే విన్న గొంతు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అద్దంలోంచి చిన్నపిల్లాడిలా నవ్వి మళ్లీ మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ నవ్వు చూశాక ఆమె ఆయన్ని పూర్తిగా క్షమించేసింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. పక్కనే అతని తమ్ముడి లారీ ఉంది. ఆమె బండిని ఇక్కడికి లాక్కొచ్చింది అదే.

"ఎలా ఉందమ్మా మా పని?"

"బాగుంది. ఇంత హోరులో సరిగ్గా వినబడటం లేదు" అని ఆమె శాలువా సర్దుకుంది. అది కాస్తా జారింది.

"అయ్యో, మెడకి ఏమైందమ్మా?"

"అదేంటి, మీకు తెలియదా? గుద్దినప్పుడు నేను బండిలోనే పడుకుని ఉన్నాను."

మెకానిక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కారులో కూర్చున్న ఆయన వంక చూశాడు, తమ్ముడి లారీ వంక చూశాడు, మళ్లీ ఆమె పట్టీ వంక చూశాడు.

"ఆ వేళకి బండిలో ఎవరూ ఉండరని సారు గట్టిగా చెబితేనే కదమ్మా, మా తమ్ముడు లారీతో గుద్దింది!"