సిద్దప్ప వేషం

“పారిపోప్పా నరసప్పా. ఎల్లప్ప కట్టె పట్టుకోని వస్తాండాడు.”

హార్మోనియం వాయించే గిడ్డయ్య బడి గుమ్మంలో నిలబడి అన్న ఆ మాటకు, ముఖానికి సగం రంగు పూయించుకుని కూర్చున్న నరసప్ప అదిరిపడ్డాడు. నరసప్పది ఎమ్మిగనూరు. మగ్గం నేసుకుని బతికే మనిషి. ద్రోహి వేషం కడితే అతణ్ని మించినవాడు లేడని బతిమాలి, పొద్దున బస్సుకే ఆదోని పక్కనున్న ఈ ఊరికి పిలుచుకొచ్చారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాదైందని ఊరివాళ్లు నాటకం పెట్టుకున్నారు.

“ఎల్లప్ప ఎవరు? నా మీదికెందుకు వస్తాడు?”

గిడ్డయ్య నీళ్లు నమిలాడు. “నువ్వు కట్టిండేది వాళ్ల ముత్తాత వేషం.”

నాటకం గాదిలింగ నాయకుడిది. నూరేళ్ల కిందట కుంఫిణీవాళ్ల మీద తిరగబడి కొండెక్కి కూర్చున్న ఈ ఊరి పాళెగాడు. కొండకున్న దొంగదారిని దొరకు చూపించి అతణ్ని పట్టిచ్చినవాడు సిద్దప్ప. ఆ సిద్దప్ప వంశం ఇంకా ఈ ఊళ్లోనే ఉందని, ఎల్లప్పకు జడిసి ఆ వేషం కట్టడానికి ఊళ్లో ఒక్కడూ ముందుకు రాలేదని, అందుకే తనను అంత మర్యాదగా పిలిచారని పాపం నరసప్పకేం తెలుసు. బస్సు దిగగానే ఇద్దరు పరిగెత్తుకొచ్చి సంచి అందుకుంటే, అదంతా తన నటన గొప్పతనమే అనుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు ముచ్చెమటలు పోశాయి. “అయివారూ, పేరు మార్చండి. సిద్దప్ప కాకుంటే ఇంకో అప్ప. ఎవరికేం పోతాది?”

నాటకం రాసిన బడిపంతులు కృపానందం అయివారు తల అడ్డంగా ఊపాడు. “ఆర్నెల్లు తిరిగి పాత కాయితాలు సూసి రాసినానప్పా. నా ఇష్టమొచ్చినట్ల మార్చితే అది చరిత్ర ఎట్లయితాది?”

“మీ చరిత్రకేం, బాగానే ఉంటాది. నా సేతులు ఇరిగితే మగ్గం ఎవరు నేస్తారు? ఇంట్లో ఆరుమంది తినేవాళ్లు.”

లేచి వెనక కిటికీ వైపు పోయాడు. ఇనుప కమ్మీలు. తిరిగి చూసేసరికి ఎల్లప్ప గుమ్మంలో ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, భుజాన గొంగడి, చేతిలో తలెత్తు కట్టె. లోపలికొచ్చి తలుపు మూసి గడియ పెట్టాడు. గిడ్డయ్య గోడకు అంటుకుపోయాడు.

“మా ముత్తాతవి నువ్వేనా?” అన్నాడు నరసప్పను చూసి.

అవునన్నా చావే, కాదన్నా చావే.

“ఆడ సెప్పే మాట ఈడ సెప్పు. ఇంటా.”

నరసప్ప అయివారి వైపు చూశాడు. అయివారు నేల చూపులు చూస్తున్నాడు. ఇక తప్పదని నరసప్ప మొదలుపెట్టాడు. “దొరా... కొండకు ఇంకొక దారి ఉన్నది. నాకు ఐదెకరాల భూమి ఇనాముగా ఇప్పించండి, నాయకుణ్ని పట్టిస్తాను.”

“తప్పు.”

కట్టె బండల మీద ఠప్పున మోగింది. నరసప్ప కళ్లు మూసుకుని చేతులు రెండూ వీపు వెనక దాచుకున్నాడు.

“ఐదు కాదు, ఏడెకరాలు. నల్లరేగడి. ఇప్పటికీ మేమే దున్నుతాండాం. రాసుకో అయివారూ.”

అయివారు జేబులో కలం వెతుక్కున్నాడు. ఎంత వెతికినా అది చేతికి తగల్లేదు.

“ఆ సేనికి కూలికి పిలిస్తే ఎవరూ రారు. మా ఇంటికి పిల్లనిచ్చినోడు ఊర్లో లేడు, తీసుకున్నోడు లేడు. ద్రోహోళ్ల ఎల్లప్ప అంటేనే ఈ ఊర్లో నేనెవరో తెలిసేది.”

గిడ్డయ్య చేతులు జోడించాడు. “తప్పయిపోయిందన్నా. నాటకం ఆపేస్తాం. ఆయప్పనేం సెయ్యొద్దు, ఊరు గాని ఊరోడు.”

“ఆపమని నేనన్నానా?”

ఎల్లప్ప కట్టెను గోడకు ఆనించాడు. గొంగడి తీసి దాని మీద వేశాడు. నరసప్ప ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నూరేండ్లు ఆ పేరు మాతోనే మోయిస్తిరి. ఇయ్యాల నలుగురూ సూసేటప్పుడు మోసేకి పొరుగూరి మనిషి కావాల్సొచ్చెనా? పక్కకు జరుగప్పా, ఆ వేషం నేను కడతా.”